రుసుము లేని చోట రుచించే చదువేనా?

ఉపకార వేతనం లెక్కతోనే కళాశాలల ఎంపిక
చేరేనాటి లెక్క చదివేనాటికి మారి కలవరపడుతున్న విద్యార్థులు

శ్రీకాకుళం: సోంపేటలోని ఒక ఇంటర్నెట్ కేంద్రం ముందు ఆ సాయంత్రం పది మందికి పైగా తల్లిదండ్రులు పిల్లలతో వేచి ఉన్నారు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల నమోదుకు గడువు మరునాటితో ముగియనుంది. ఉద్దానం నుంచి వచ్చిన జీడితోట రైతు ఒకరు కుమార్తెను వెంటబెట్టుకొని వరుసలో నిలబడ్డారు. ఆమె చేతిలోని రఫ్ పుస్తకంలో కళాశాలల పేర్లు రెండు వరుసలుగా రాసి ఉన్నాయి. మొదటి వరుసలోనివి ఆమెకు నచ్చినవి. రెండో వరుసలోనివి ఇంటికి కుదిరేవి. "సీటొస్తే సరిపోదు బాబూ, మా జేబులోంచి ఎంత తియ్యాల? అది సెప్పు ముందు" అని తండ్రి కంప్యూటర్ ముందు కూర్చున్న యువకుడిని అడిగారు. "ఫీజు గవర్నమెంటు కడతాది మావయ్యా. హాస్టలు, బస్సు మీవే" అన్న సమాధానం వచ్చింది. ఆ మాటతో మొదటి వరుసలోని నాలుగు పేర్లపై గీత పడింది.

ప్రవేశాల కాలంలో జిల్లాలోని ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, నరసన్నపేటలలో ఏ ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లినా దాదాపు ఇదే దృశ్యం. కోర్సు, అధ్యాపకులు, ప్రయోగశాలలు చూసి కళాశాలను ఎంచుకోవాలని నిపుణులు పత్రికలలోను, టీవీలలోను చెబుతూనే ఉంటారు. ఆ సలహాలో తప్పు లేదు గాని, అది రుసుము కట్టగలిగిన ఇంటికి చెప్పే సలహా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి, జీడి చెట్ల స్థానంలో మళ్లీ మొక్కలు నాటుకొని, అవి కాపుకు వచ్చే వరకు ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలకు మొదటి ప్రశ్న డబ్బే అవుతుంది. అందుకు వారు సిగ్గుపడవలసిన పనిలేదు. డబ్బును బట్టి కళాశాలను ఎంచుకోవడంలో కాదు, డబ్బు లెక్కను సగమే చూడడంలో చిక్కు వస్తోంది.

పథకం తెచ్చిన మార్పు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో బోధన రుసుముల తిరిగి చెల్లింపు పథకం విస్తృతంగా అమలులోకి రాక మునుపు ఇంజినీరింగ్ చదువు పల్లె ఇంటికి అందని పండు. పథకం వచ్చిన పిమ్మట రెండు మూడేళ్లలోనే పరిస్థితి తలకిందులైంది. రాష్ట్రంలో ఇంజినీరింగ్ కళాశాలల సంఖ్య ఏడు వందల స్థాయికి చేరింది. ఇంటిలో తొలిసారిగా పట్టా పొందిన వారు వేలాదిగా బయటికి వచ్చారు. బెంగళూరు, హైదరాబాద్ నగరాలలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న సిక్కోలు యువతలో ఆ తరం వారు ఎందరో ఉన్నారు. అదే సమయంలో, విద్యార్థి ద్వారా వచ్చే ప్రభుత్వ సొమ్ము కోసమే వెలసిన కళాశాలలూ లేకపోలేదు. అధ్యాపకులు లేని తరగతులు, తాళం తీయని ప్రయోగశాలల మధ్య నాలుగేళ్లు గడిపిన వారికి మిగిలింది పట్టా కాగితమే. తరువాతి కాలంలో అటువంటి కళాశాలలు అనేకం మూతపడ్డాయి.

పథకం పేరు, తీరు కూడా స్థిరంగా లేవు. రాష్ట్ర విభజనకు ముందే 2012లో, పదివేల లోపు ర్యాంకు రాని బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఇంజినీరింగ్‌లో 35 వేల రూపాయల వరకే చెల్లించాలన్న పరిమితి వచ్చింది. ఆపై రుసుము ఉన్న కళాశాలలో చేరితే మిగతాది కుటుంబమే భరించవలసి వచ్చేది. విభజన తరువాత కూడా కొన్నేళ్లు ఆ పరిమితి కొనసాగింది. 2019లో ప్రభుత్వం మారాక ఆంధ్రప్రదేశ్‌లో పూర్తి రుసుము చెల్లిస్తామని ప్రకటించి, జగనన్న విద్యా దీవెన, వసతి దీవెన అని పేర్లు పెట్టారు. 2021 ఏప్రిలు నుంచి సొమ్మును తల్లుల ఖాతాలకు జమ చేశారు. 2023లో తల్లీ, విద్యార్థీ ఉమ్మడి ఖాతా తెరవాలన్నారు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, పేర్లూ మారాయి. సొమ్మును నేరుగా కళాశాలలకే చెల్లించాలన్న నిర్ణయం వచ్చింది. ఎస్సీ విద్యార్థుల విషయంలో 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలి. కేంద్రం వాటా విద్యార్థి ఖాతాకే చేరాలి. నాలుగేళ్ల కోర్సులో చేరిన ఒకే విద్యార్థి చదువు పూర్తయ్యేలోగా సొమ్ము వచ్చే దారి రెండు మూడు సార్లు మారిందన్నమాట. ప్రతి మార్పు వేళా కొత్త ఖాతా, కొత్త వేలిముద్ర, కొత్త ధ్రువపత్రం. సచివాలయం చుట్టూ ప్రదక్షిణాలు చేసింది మాత్రం ఆ తల్లే.

రెండు సున్నాలు ఒకటి కావు

విద్యార్థులు, తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడుతున్నది ఇక్కడే. ప్రభుత్వ విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలలో సాధారణ సీటుకు వార్షిక బోధన రుసుము పదివేల రూపాయల స్థాయిలో ఉంటుంది. ప్రైవేటు కళాశాలలో అది నలభై వేల నుంచి లక్ష దాటే వరకు ఉంటుంది. అర్హత గల విద్యార్థికి ఈ రెండూ 'ఉచితమే' కావడంతో ఇంటివారి దృష్టిలో రెండూ సమానమవుతున్నాయి. పైపెచ్చు పెద్ద రుసుము ఉన్న చోట ఉచితంగా చదవడమే లాభమన్న భావన కూడా కొందరిలో ఉంది. లక్ష రూపాయల సరుకు ఊరికే వస్తుంటే పదివేల సరుకు ఎందుకన్నది వారి వాదన.

సొమ్ము సకాలంలో వచ్చినంత కాలం ఈ వాదనకు ఎదురులేదు. విడుదల ఆలస్యమైన నాడు మాత్రం రెండింటి మధ్య వ్యత్యాసం బయటపడుతుంది. పదివేలు బకాయి పడితే తండ్రి ఎక్కడో అక్కడ సర్దుబాటు చేయగలడు. ఎనభై వేలో తొంభై వేలో బకాయి పడితే ఎకరం తాకట్టు మాట వస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన హామీ రెండు చోట్లా ఒక్కటే అయినా, ఆ హామీ ఆగినప్పుడు ఇంటిపై పడే బరువు ఒకటి కాదు. కళాశాలను ఎంచుకునే వేళ 'మనం ఎంత కట్టాలి' అని అడిగేవారు ఎందరో గాని, 'సర్కారు సొమ్ము ఏడాది రాకపోతే మన మీద ఎంత పడుతుంది' అని అడిగేవారు అరుదు.

ఈ ఆలస్యం ఊహాజనితమైనది కాదు. బకాయిల సమస్య ప్రతి ప్రభుత్వ హయాంలోనూ ఉంది. గతంలో పేరుకుపోయినవి ఎవరి ఖాతాలోవి, ఇప్పటివి ఎవరి ఖాతాలోవి అన్న వాగ్వాదం రాజకీయ పక్షాల మధ్య సాగుతూనే ఉంటుంది. పొరుగున తెలంగాణలో బకాయిలు చెల్లించాలంటూ 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కళాశాలలు, 2025 నవంబరులో వృత్తివిద్యా కళాశాలలు సహా ప్రైవేటు యాజమాన్యాలు తరగతులు నిలిపివేసేదాకా వెళ్లాయి. జీతాలు ఇవ్వలేకపోతున్నామన్న యాజమాన్యాల మొర కొట్టివేయదగినది కాదు. చిన్న కళాశాలల్లో అధ్యాపకులకు నెలల తరబడి జీతాలు అందని సందర్భాలు ఉన్నాయి. అయితే ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య ఉన్న ఆ బాకీలో విద్యార్థి ఏ పక్షమూ కాడు. అయినా పరీక్షల ముందు కార్యాలయం గుమ్మం వద్ద నిలబడవలసింది అతడే.

టెక్కలి డివిజన్‌కు చెందిన ఒక విద్యార్థిని అనుభవం ఇందుకు నిదర్శనం. విశాఖ సమీపంలోని ఒక ప్రైవేటు కళాశాలలో ఆమె మూడేళ్లు నిశ్చింతగా చదివింది. స్నేహితురాళ్లు దొరికారు, ప్రోగ్రామింగ్ పోటీలలో బహుమతి అందుకుంది. చివరి సంవత్సరం సెమిస్టర్ పరీక్షలకు ముందు హాల్‌టికెట్ కోసం వెళితే, ముందు ఏడాది విడత జమ కాలేదని, ముందుగా మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తామని చెప్పారు. బకాయిదారుల పేర్లను తరగతి గదిలో చదివారు. తండ్రి వడ్డీకి తెచ్చి కట్టారు. సొమ్ము కన్నా, పేరు చదివిన ఆ క్షణమే తనను బాధించిందని ఆమె చెబుతోంది. "అప్పటి దాకా అందరిలో ఒకదాన్ని. ఆ రోజు నుంచి ఫీజు కట్టనిదాన్ని" అన్నది ఆమె మాట. కళాశాల మంచిది కాదా అంటే మంచిదే అంటుంది. చెల్లెలిని అక్కడ చేర్పిస్తావా అంటే మాత్రం వెంటనే జవాబు చెప్పలేదు.

యాజమాన్యం ఇచ్చే రాయితీ వేరు

ఇటీవలి సంవత్సరాలలో మరో రకం ఉపకార వేతనం పల్లెలకు చేరింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ సొంత ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టి, లేదా ఇంటర్ మార్కులను బట్టి రుసుములో పావు వంతు, సగం, ముప్పావు వంతు రాయితీ ఇస్తామని ప్రకటిస్తున్నాయి. జూనియర్ కళాశాలల గేట్ల వద్ద పంచే రంగుల కరపత్రాలలో ఆ శాతం అందరికీ కనబడే అక్షరాలతో ఉంటుంది. షరతులు కనబడే అక్షరాలతో ఉండవు.

చాలా చోట్ల ఆ రాయితీ మొదటి సంవత్సరానికి ఖాయం. రెండో సంవత్సరం నుంచి నిర్దేశించిన సీజీపీఏ నిలబెట్టుకుంటేనే కొనసాగుతుంది. ఒక్క సబ్జెక్టు తప్పినా రాయితీ రద్దయ్యే నిబంధనలూ ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు చదివిన విద్యార్థికి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరమే అత్యంత కఠినం. భాష, గణితం, హాస్టల్ జీవితం మూడూ ఒక్కసారిగా మీద పడే ఆ ఏడాదిలోనే మార్కులు తగ్గే అవకాశం ఎక్కువ. రాయితీ నిలుస్తుందా, పోతుందా తేలేది కూడా ఆ ఏడాదిలోనే.

పలాస ప్రాంతానికి చెందిన ఒక యువకుడు సగం రాయితీ వచ్చిందని రాష్ట్రం వెలుపలి విశ్వవిద్యాలయంలో చేరాడు. కన్వీనరు కోటాలో జిల్లాకు దగ్గరలోనే సీటు వచ్చినా వదులుకున్నాడు. మొదటి సంవత్సరం చివర కావలసిన సీజీపీఏకు కొద్దిలో తగ్గాడు. రెండో ఏడాది పూర్తి రుసుము కట్టవలసి వచ్చింది. ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమోనని తండ్రి ఆరా తీశారు. నిబంధనల ప్రకారం కన్వీనరు కోటాలో చేరినవారికే తప్ప యాజమాన్య కోటా, స్పాట్ ప్రవేశాలలో చేరినవారికి తిరిగి చెల్లింపు వర్తించదు. ఇంటర్ తరువాత ఆ ఒక్క నెలలో తీసుకున్న నిర్ణయం వల్ల నాలుగేళ్ల అర్హత పోయిందని వారికి అప్పుడు అర్థమైంది. చివరకు బ్యాంకు రుణంతో చదువు సాగించాడు. అక్కడి బోధన, గ్రంథాలయం, క్రీడా మైదానం తనకు ఎంతో నచ్చాయని, అయితే ప్రతి పరీక్షా ఇంటి అప్పుకు ముడిపడి ఉండడంతో పుస్తకం తెరిచినప్పుడల్లా చదువు కన్నా లెక్కే ముందు గుర్తుకొచ్చేదని అతడు వివరించాడు.

అతనితో పాటు అదే రాయితీతో చేరిన నరసన్నపేట విద్యార్థి ఏ ఆటంకమూ లేకుండా నాలుగేళ్లూ నిలబెట్టుకున్నాడన్నదీ నిజమే. కాబట్టి ఇటువంటి రాయితీలన్నీ వల అనడం సరికాదు. మార్కుల షరతు ఉన్న సొమ్ము వేరు, ఆదాయాన్ని బట్టి వచ్చే సొమ్ము వేరని తెలిసి చేరాలి. ప్రభుత్వ పథకానికి ప్రధానంగా కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉండడం, హాజరు 75 శాతానికి తగ్గకపోవడం ముఖ్యం. రోజూ తరగతికి వెళ్లడం విద్యార్థి చేతిలోని పని. తరగతిలో తొలి వరుసలో నిలవడం ఎల్లప్పుడూ అతని చేతిలో ఉండదు.

కేంద్రం ఇచ్చే ఉపకార వేతనాలను తల్లిదండ్రులు ఈ లెక్కలో కలుపుకోవడమే లేదు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ప్రగతి పథకం కింద ఎంపికైన బాలికలకు ఏడాదికి 50 వేల రూపాయలు అందుతాయి. ఇంటర్‌లో ఉన్నత మార్కులు సాధించి డిగ్రీలో చేరినవారికి కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం ఏడాదికి 12 వేలు. ఇవి కళాశాలకు కాక విద్యార్థి ఖాతాకు చేరుతాయి. దరఖాస్తు గడువు ముగిశాక తెలుసుకొని విచారించేవారే ఎక్కువ. జూనియర్ కళాశాలల నోటీసు బోర్డులపై ఈ సమాచారం కనబడదు. యాజమాన్యాల కరపత్రాలు మాత్రం కనబడతాయి.

ఎచ్చెర్ల చెబుతున్నదేమిటి?

డబ్బు కారణంగానే ఒక చోట చేరి, అక్కడ సంతోషంగా ఉండడం సాధ్యమా అన్న ప్రశ్నకు జిల్లాలోనే ఒక సమాధానం ఉంది. ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం అది. జనం నోట ట్రిపుల్ ఐటీ. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైన ఈ సంస్థకు విభజన అనంతరం 2016లో శ్రీకాకుళం, ఒంగోలు ప్రాంగణాలు తోడయ్యాయి. పదో తరగతి మార్కులే ప్రాతిపదికగా ఆరేళ్ల సమీకృత కోర్సులో ప్రవేశం కల్పిస్తారు. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వెనుకబాటు సూచికగా 4 శాతం అదనపు మార్కులు కలుపుతారు. కొవిడ్ కారణంగా 2020, 2021లలో మాత్రం ప్రవేశ పరీక్ష నిర్వహించారు. అర్హులకు రుసుము ప్రభుత్వమే చెల్లిస్తుంది. ఉండడం, తినడం, చదవడం అన్నీ ప్రాంగణంలోనే.

ఇక్కడ చేరినవారిలో అధికులు డబ్బు లెక్క చూసుకునే చేరారు. పదో తరగతిలో 590 మార్కులు తెచ్చుకున్న బిడ్డను కార్పొరేట్ జూనియర్ కళాశాలలో చేర్చలేని ఇల్లు ట్రిపుల్ ఐటీ జాబితా కోసం ఎదురుచూస్తుంది. పదిహేనేళ్ల వయసులో ఇల్లు వదిలి వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది సులభం కాదు. ఆదివారం తల్లిదండ్రులు వచ్చి వెళ్లాక హాస్టల్ మెట్ల మీద కూర్చొని ఏడ్చేవారు ఉంటారు. ఆంగ్ల పాఠం అర్థంకాక పుస్తకం మూసేసేవారు ఉంటారు. అయినా రెండో ఏడాదికి చాలామంది నిలదొక్కుకుంటున్నారు. కారణం అడిగితే పూర్వ విద్యార్థులు చెప్పేది భవనాల గురించీ, ల్యాప్‌టాప్‌ల గురించీ కాదు. పక్క మంచం మీద ఉన్నవాడు కూడా జిల్లా పరిషత్ పాఠశాల నుంచే వచ్చాడన్నదే వారి మొదటి మాట. ఎవరి బట్టలను చూసి ఎవరూ నవ్వరు. ఎవరి ఆంగ్లాన్ని ఎవరూ ఎత్తిచూపరు. ఒకరి పేరు బకాయిల జాబితాలో ఉంటే దాదాపు అందరి పేర్లూ ఉంటాయి గనుక, అందులో అవమానం ఉండదు.

పెద్ద రుసుము ఉన్న సంస్థలలో రాయితీ మీద చేరిన పిల్లలు ఎక్కువగా నలిగిపోయేది ఇక్కడే. కారులో దిగేవారి మధ్య తాను రాయితీ విద్యార్థినని చెప్పుకోలేక, వారాంతపు విహారాలకు ఏదో సాకు చెప్పి గదిలో ఉండిపోతారు. కొందరు తట్టుకొని పైకి వస్తారు, కొందరు ముడుచుకుపోతారు. ఏ ఉపకార వేతనమూ భరించని ఖర్చు ఇది. ఏ కరపత్రంలోనూ కనబడదు.

అయితే ట్రిపుల్ ఐటీని స్వర్గంగా చూపడమూ తగదు. అదే సంస్థకు చెందిన బాసర ప్రాంగణంలో, ప్రస్తుతం అది తెలంగాణలో ఉంది, 2022 జూన్‌లో వేలాది విద్యార్థులు ఎండనక, వాననక వారం రోజుల పాటు గేటు వద్ద బైఠాయించారు. శాశ్వత ఉపకులపతిని నియమించాలని, భోజనం బాగుచేయాలని, వసతులు కల్పించాలని వారు కోరారు. మంత్రి వచ్చి చర్చలు జరిపాకే ఆందోళన విరమించారు. మరుసటి నెలలో భోజనం వికటించి విద్యార్థులు ఆసుపత్రుల పాలయ్యారు. ఉచితంగా చదివేవారు అడగకూడదన్న ధోరణి పాలకులలో ఎక్కడో దాగి ఉంటుంది. ఆ పిల్లలు దానిని అంగీకరించలేదు. రుసుము ప్రభుత్వం కడుతున్నదంటే అది ప్రజల సొమ్ము. కూరలో పురుగు వస్తే అడిగే హక్కు సొంత డబ్బు కట్టినవాడికి ఎంత ఉందో వీరికీ అంతే ఉంది.

మరచిపోతున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల

ఈ పోటీ అంతటిలో జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పురుషుల, మహిళా డిగ్రీ కళాశాలలు పల్లె ఇంటి చర్చలోకి రావడం తగ్గిపోయింది. ఒకప్పుడు ఈ జిల్లా ఉపాధ్యాయులను, తహసీల్దార్లను, న్యాయవాదులను తయారుచేసిన కళాశాలలవి. ఇక్కడి రుసుము అన్నింటికన్నా తక్కువ. బీసీ, ఎస్సీ, ఎస్టీ సంక్షేమ శాఖల కళాశాల వసతి గృహాలు పట్టణంలోనే ఉన్నాయి. వసతి గృహంలో చోటు దొరికితేనే డిగ్రీ, లేకుంటే కూలికి వలస అన్న పరిస్థితిలో ఉన్న విద్యార్థులు మందస, మెళియాపుట్టి గిరిజన గ్రామాలలో ఇప్పటికీ ఉన్నారు. వారు కళాశాలను కాదు, వసతి గృహాన్ని ఎంచుకుంటున్నారు. ఆ గృహానికి నడిచి వెళ్లే దూరంలో ఏది ఉంటే అదే కళాశాల.

అధ్యాపక పోస్టుల ఖాళీలు, అతిథి అధ్యాపకులతో నెట్టుకొచ్చే తరగతులు ఈ కళాశాలల బలహీనత. అయినా ఇక్కడ చదివి పోటీ పరీక్షల వైపు వెళ్లేవారికి చేతిలో సమయం, తలపై అప్పు లేకపోవడం అనే రెండు ఆస్తులు ఉంటాయి. 2025 ఆగస్టు 15న ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, రోజూ ఇంటి నుంచే వచ్చి చదువుకోవడం బాలికలకు మరింత వీలైంది. నెలకు బస్సు పాసు ఖర్చు ఎంతన్నది కొద్ది కాలం క్రితం దాకా ఎందరో ఆడపిల్లల చదువును నిర్ణయించిన అంకె.

డిగ్రీ తరువాతి మెట్టు గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. 2020 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు రుసుము చెల్లింపును నిలిపివేసింది. డిగ్రీలో చేరేనాడు పీజీ కూడా ఉచితమేనని నమ్మిన వారి లెక్క అక్కడ తప్పింది. ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ సంస్థలలో సీటు సాధించినవారే ఆ దెబ్బ నుంచి తప్పించుకున్నారు.

చేరే ముందు అడగవలసినవి

కళాశాల ప్రతినిధి ఇంటికి వచ్చినప్పుడు 'అంతా ఫ్రీ' అన్న మాటకు తల ఊపడం కన్నా ఒక కాగితం అడగడం మేలు. హాస్టల్, బస్సు, పరీక్ష, ఉద్యోగ శిక్షణ, యూనిఫాం పేరిట ఏడాదికి ఎంత వసూలు చేస్తారో రాసి ఇవ్వమనాలి. రాసి ఇవ్వడానికి వెనుకాడే చోట నాలుగేళ్లు ఎలా గడుస్తాయో ఊహించడం కష్టం కాదు. ఆ కళాశాలలో మూడో ఏడాది చదువుతున్న తమ ప్రాంతం విద్యార్థి ఒకరితో మాట్లాడితే, ఏ కరపత్రమూ చెప్పని విషయాలు పావుగంటలో తెలుస్తాయి. సొమ్ము ఆలస్యమైతే హాల్‌టికెట్ ఇస్తారా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న. అధ్యాపకులు ఏడాది మధ్యలో మానేస్తున్నారా అన్నది రెండోది.

ఒరిజినల్ ధ్రువపత్రాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పరిశీలించిన పిమ్మట విద్యార్థికి తిరిగి ఇవ్వాలే తప్ప వాటిని సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే స్పష్టం చేసింది. ప్రవేశాల తుది గడువుకు పదిహేను రోజుల ముందే విరమించుకుంటే, స్వల్ప మొత్తం మినహా కట్టిన రుసుమంతా తిరిగి ఇవ్వాలని కూడా పేర్కొంది. ఈ నిబంధన తెలియక, కట్టిన అడ్వాన్సు పోతుందన్న భయంతో ఇష్టంలేని చోటనే ఉండిపోయినవారు ఉన్నారు. పదివేల కోసం నాలుగేళ్లు ఇచ్చుకోవడమన్నమాట.

ప్రభుత్వం వైపు నుంచి జరగవలసినది ఒక్కటే, అదీ పెద్దదేమీ కాదు. ఏ త్రైమాసికం సొమ్ము ఏ తేదీన వస్తుందో విద్యా సంవత్సరం ఆరంభంలోనే ప్రకటించి, ఆ తేదీకి కట్టుబడడం. పథకానికి ఏ పేరు పెట్టినా, ఎవరి బొమ్మ ముద్రించినా పల్లె ఇంటికి అభ్యంతరం లేదు. తేదీ తెలిస్తే చాలు. బకాయి ఉన్నదని పరీక్ష ఆపరాదన్న ఆదేశం ఏటా కాగితం మీద వస్తూనే ఉంది. ఆదేశాన్ని ఉల్లంఘించిన కళాశాలపై ఫిర్యాదు చేయడానికి మాత్రం విద్యార్థి సిద్ధపడడు. ప్రాక్టికల్ మార్కులు వేసేదీ ఆ కళాశాలే మరి.

సోంపేటలో ఆ సాయంత్రం రైతు కుమార్తె వంతు వచ్చేసరికి ఏడున్నర అయింది. విజయనగరంలోని విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలను ఆమె మొదటి ఆప్షన్‌గా పెట్టించింది. తన ర్యాంకుకు కంప్యూటర్ సైన్స్ రాదు, మెకానికల్ రావచ్చునని యువకుడు చెప్పాడు. కాసేపు తల వంచుకొని ఆలోచించి, సరే పెట్టండి అన్నది. గీత కొట్టిన నాలుగు పేర్లలో ఒకదానిని మాత్రం తిరిగి చేర్పించి, మూడో స్థానంలో ఉంచింది. అక్కడ తనకు నచ్చిన బ్రాంచి ఉంది, తమ వీధి అక్క ఒకామె చదువుతోంది. హాస్టల్ ఖర్చు ఎంతో ఆమె ద్వారా ముందే కనుక్కొని రఫ్ పుస్తకం చివరి పుటలో రాసుకున్నది. తండ్రికి ఆ పుట చూపింది. ఆయన అంకెలను వేలితో తడుముతూ రెండుసార్లు చదివారు. ఆపై "అక్కడ కూడేటి పెడతారు?" అని అడిగారు. వారంలో రెండు రోజులు చేపలట నాన్నా అని ఆమె చెప్పింది. ముద్రించిన కాగితాన్ని పాలిథిన్ సంచిలో చుట్టుకొని ఇద్దరూ ఆఖరి బస్సుకు బయలుదేరారు.